పరామర్శ బృందం

ఆ చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు జబ్బుకి పెద్దగా భయపడరు. జబ్బు వెనకాలే వచ్చే పండ్ల బుట్టకి భయపడతారు.

బుట్ట దానంతటది రాదు, ముగ్గురు మనుషులు మోసుకొస్తారు. ముందు సంక్షేమాధికారి నడుస్తాడు. ఆయన వెనక టైమ్ ఆఫీసు గుమాస్తా. అందరికన్నా వెనక, కార్మికుల తరఫు మనిషిగా, గుండీలు కుట్టే సెక్షన్‌లో పనిచేసే ఒకావిడ. ఆవిణ్ణి అందరూ గుండీలక్క అంటారు. ఈ ముగ్గురికీ కలిపి కంపెనీ పెట్టిన పేరు పరామర్శ బృందం. సంక్షేమాధికారికి విడిగా పేరు పెట్టిన ఘనత మాత్రం కార్మికులది. తలనొప్పి అన్నా, తల పగిలింది అన్నా ఆయన నోట మొదట వచ్చే మాట "అయ్యో పాపం". అంచేత ఆయన అయ్యోపాపం అయ్యాడు. ఆ పేరు ఆయనకీ తెలుసు. తన మంచితనానికి దక్కిన బిరుదని మురిసిపోతుంటాడు.

ఈ బృందం ఎందుకు పుట్టిందో చెప్పుకోవాలి. ఇంట్లో తల్లికో తండ్రికో, భార్యకో భర్తకో, కన్నబిడ్డకో పెద్ద జబ్బు చేస్తే దగ్గరుండి చూసుకోడానికి ఉద్యోగి కొన్ని వారాలు సెలవు తీసుకోవచ్చని చట్టం ఉంది. ఆ వారాలకి జీతం ఇవ్వక్కర్లేదు, ఉద్యోగం మాత్రం తీసేయకూడదు. డాక్టరు కాగితం చూపించాలి. యజమానికి ఆ కాగితం మీద నమ్మకం లేకపోతే తన ఖర్చుతో ఇంకో డాక్టరు చేత పరీక్ష చేయించుకోవచ్చు. చట్టం అంతటితో ఊరుకుంది. కంపెనీవాళ్ళకి మాత్రం "తన ఖర్చుతో" అన్న ముక్క దగ్గర గొంతులో పచ్చివెలక్కాయ పడింది. డాక్టరంటే ఫీజు అడుగుతాడు. పైగా ఒక్కోసారి ఉన్న జబ్బుని ఉన్నట్టే రాసేస్తాడు. యాపిల్ పండ్లతో ఆ గొడవ లేదు.

కాబట్టి ఎవరైనా అలాంటి సెలవో, తమ జబ్బుకే సెలవో అడిగితే బృందం వాళ్ళింటికి బయల్దేరుతుంది. బుట్ట చేతిలో పెడుతుంది, కుశలం అడుగుతుంది, కాసేపు కూర్చుని వస్తుంది. మర్నాడు గుమాస్తా నివేదిక రాస్తాడు. నడుము పట్టేసి కదల్లేనని సెలవడిగిన ఒక దర్జీ, ఇంటికొచ్చిన పెద్దమనుషులు బరువు మోస్తున్నారే అని మొహమాటపడి, మంచం మీంచే చెయ్యి చాచి బుట్ట అందుకున్నాడు. బరువులు ఎత్తగలుగుతున్నాడని రాశారు. భార్యకి ఆపరేషనయిందని సెలవడిగిన ఇంకొకతను మర్యాదకి పోయి కాఫీ ఇచ్చాడు. కాఫీ బాగుందే, ఎవరు పెట్టారని అడిగితే నేనేనన్నాడు. ఇంటిపని సాఫీగా సాగుతోందని రాశారు.

ఇలాంటి కథలు మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పుకుని అందరూ కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళు. అందరికన్నా గట్టిగా నవ్వేది కటింగ్ మాస్టరు. గుడ్డని పొరలు పొరలుగా పరిచి, చేతికి ఇనుప జాలీ తొడుగు వేసుకుని, మిషన్ కత్తితో ఒక్క ఊపున వందల చొక్కాలు కోసే మనిషి అతను. వెంట్రుకవాసి తేడా వస్తే వందలూ చెడతాయి. అతని చేతిలో చెడలేదు. తన పనికి ఎవరూ వంక పెట్టలేరు కాబట్టి తన మాటకీ ఎవరూ వంక పెట్టరని అతను అనుకునేవాడు. అంత అమాయకుడు.

మాస్టరుకి వాళ్ళమ్మే పెద్దదిక్కు. ఆవిడ బడిలో పెద్ద టీచరుగా చేసి రిటైరయింది. ఊళ్ళో నడివయసు వాళ్ళలో సగంమంది ఆవిడ చేత చెవులు మెలిపెట్టించుకున్నవాళ్ళే. చొక్కాకి ఒక్క గుండీ లేకపోయినా పిల్లవాణ్ణి క్లాసులోకి రానిచ్చేది కాదు. ఉద్యోగం అయిపోయాక కూడా తెల్లారేసరికి తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతికి గడియారం పెట్టుకుని, ఎక్కడికో బయల్దేరబోతున్నట్టు కూర్చునేది. అలా కూర్చుని పేపరు చదువుతూ చదువుతూ ఒకనాడు పక్కకి ఒరిగిపోయింది.

పక్షవాతమన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. పూర్తిగా పోయినా బాగుండేదని మాస్టరు తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఒకే ఒక్క మాట మిగిలింది. అది "బాగున్నాను".

కొందరికి ఇలా ఒక్క మాటే నాలుక మీద నిలిచిపోతుందని ఆసుపత్రిలో డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. మనం అన్నదంతా ఆవిడకి అర్థమవుతుంది, తనేం చెప్పాలో కూడా లోపల తెలుసు, బయటికి మాత్రం ఆ ముక్కే వస్తుందన్నాడు. నిజంగానే, దాహమేసినా ఆవిడ బాగున్నాను అనేది. దిండు ఎత్తు చాలకపోయినా బాగున్నాను. ఒకరాత్రి కాలు తిమ్మిరెక్కి ఏడుస్తూ కూడా బాగున్నాను, బాగున్నాను అని అరిచింది. గొంతుని బట్టి ఏం కావాలో కొడుకూ కోడలూ పోల్చుకోవడం నేర్చుకున్నారు. ఒక్క విషయంలో మాత్రం ఆవిడ మాట మీద ఆధారపడలేదు. బాత్‌రూమ్ అవసరమైతే ఎడమచేతి వేళ్ళతో మంచం పట్టీ మీద టకటకా కొట్టేది. కోడలు వంటింట్లో ఉన్నా సరే వినపడేట్టు కొట్టేది. ఇంటికొచ్చాక ఒక్కనాడు కూడా పక్క తడిపింది లేదు.

వ్యాయామం నేర్పడానికి వచ్చిన ఫిజియోథెరపిస్టు అసలు సంగతి చెప్పింది. "ఈ మొదటి వారాలే ముఖ్యం అన్నా. రోజుకి నాలుగైదు విడతలు చెయ్యీ కాలూ ఆడించాలి. ఇప్పుడు ఆడిస్తే ఎంతోకొంత తిరిగొస్తుంది. తర్వాత చూద్దాంలే అనుకుంటే చెయ్యి బిగుసుకుపోతుంది, ఇంక నేనొచ్చినా ఏం చెయ్యలేను" అంది. తాగించే జావ కూడా తల కాస్త వంచి, చెంచాడు చెంచాడుగా పట్టాలి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇవన్నీ పగటిపూట పనులు. మాస్టరు భార్య టెలిఫోన్ కంపెనీలో ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తుంది. ఆమెకున్న సెలవంతా ఆసుపత్రిలోనే కరిగిపోయింది. మిగిలింది మాస్టరు సెలవే.

అతను దరఖాస్తు పట్టుకుని సంక్షేమాధికారి గదికి వెళ్ళాడు.

"అమ్మకా? అయ్యో పాపం" అన్నాడు ఆయన. కుర్చీ చూపించాడు. "ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా మాస్టారూ?"

"మా ఆవిడ ఉంది సార్. తన సెలవు అయిపోయింది."

"అక్కచెల్లెళ్ళు?"

"లేరు."

"పోనీ పిన్నులో, మేనత్తలో..."

"సార్, మా అమ్మని నేను చూసుకుంటానంటున్నాను."

ఆ మాట ఆయన బుర్రకి ఎక్కలేదు. మగవాడు తల్లికి జావ పట్టడానికి ఉద్యోగం మానుకుని కూర్చుంటాడంటే ఏదో మర్మం ఉండాలి, ఇంకోచోట పనికి కుదిరాడేమో అన్నట్టు ఎగాదిగా చూశాడు. పక్క బల్ల దగ్గర్నుంచి గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"ఇలాంటి సెలవుకి నెల ముందు నోటీసివ్వాలని రూలుంది కదండీ."

"పక్షవాతం మాకు కూడా నోటీసివ్వలేదండీ" అన్నాడు మాస్టరు.

గుమాస్తాకి నవ్వొచ్చింది. అధికారి నవ్వలేదని చూసుకుని దగ్గుగా మార్చేశాడు.

"సర్లెండి, మేమొచ్చి ఒకసారి అమ్మగార్ని చూసి వెళ్తాం. అందాకా పనికి రాకండి. మనది కుటుంబంలాంటి సంస్థ, తెలుసుగా" అని అయ్యోపాపం కాగితంలో తల్లి పేరు చూశాడు. ఒక్కసారిగా మొహం విప్పారింది. "పెద్ద టీచరుగారా! నేనావిడ శిష్యుణ్ణయ్యా! నాకు కూడికలు నేర్పిందే ఆవిడ!"

నేర్చుకున్న కూడికలన్నీ ఈయనిప్పుడు జనం సెలవుల్లోంచి తీసివేతలకి వాడుతున్నాడని మాస్టరు మనసులో అనుకున్నాడు. పైకి మాత్రం చేతులు జోడించి వచ్చాడు.

గేటు దగ్గర ఇస్త్రీ సెక్షన్ బాబాయ్ అతన్ని ఆపాడు. బృందం ధాటికి రెండుసార్లు బలైనవాడు, అనుభవజ్ఞుడు.

"ఒరేయ్ అబ్బాయ్, చెప్పింది చెవిన పెట్టు. ఇల్లు ఊడవకు. గిన్నెలు కడక్కు. నువ్వు గడ్డం గీసుకోకు. మందుల వాసన వీధి గుమ్మానికి కొట్టాలి. అమ్మని పడుకోబెట్టే ఉంచు, లేపావో చచ్చావే. బుట్ట అందుకోకు. కూర్చోండి అనకు. కళ్ళలో నీళ్ళు రాకపోతే ఉల్లిపాయ తరుగు."

"అంత నాటకం ఎందుకు బాబాయ్? జబ్బు నిజమేగా!"

"అందుకే చెప్తున్నా. దొంగజబ్బు వాళ్ళకి ఈ విద్య నేర్పక్కర్లేదు, వాళ్ళకే బాగా వచ్చు. నిజం జబ్బు వాళ్ళే దొరికిపోతారు."

ఇంటికొచ్చి ఈ పాఠం భార్యకి అప్పజెప్పాడు. ఆమెకి ఒళ్ళు మండింది.

"బావుంది! ఇల్లు చెత్తకుప్ప చేసి చూపించాలా? రేపు ఊరంతా ఏమనుకుంటారు, అత్తగారిని మంచాన పడేసి కోడలు సింగారించుకు తిరుగుతోందనుకోరూ? ఆ వచ్చే మహానుభావుడు అత్తయ్య శిష్యుడని మీరే అంటున్నారు."

ఆ చివరి మాట మంచం దాకా వినపడింది. "బాగున్నాను!" అని గట్టిగా కేక వినపడింది. ఇద్దరూ పరుగెత్తారు. ఆవిడ ఎడమచేత్తో బీరువా చూపిస్తోంది. తలుపు తీస్తే ఇస్త్రీ బట్టల వైపు చూపించింది. తర్వాత కళ్ళజోడు. తర్వాత గడియారం. శిష్యుడొస్తుంటే మాసిన నైటీలో, చింపిరి జుట్టుతో కనబడటం ఆవిడ వల్ల కాని పని.

ఎంత చెప్పినా ఆడవాళ్ళు వినలేదని మాస్టరు తర్వాత బాబాయ్ దగ్గర చెప్పుకున్నాడు కానీ అది అబద్ధం. అతను గట్టిగా చెప్పనే లేదు. అతనూ ఆ తల్లి కొడుకే. పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకున్నాడు. భార్య ఉద్యోగానికి వెళ్తూ వెళ్తూ నేలంతా ఫినాయిల్‌తో తుడిచి, కిటికీకి ఉతికిన తెర కట్టి, అత్తగారికి జడ వేసి వెళ్ళింది. అతను తల్లిని లేపి, వెనక మూడు దిళ్ళు, పక్కన ఇంకోటి ఆనించి కూర్చోబెట్టాడు. పడిపోయిన చేతిని ఒళ్ళో పొందికగా సర్ది, దాని మీద దుప్పటి కప్పాడు. వంకరపోయిన పెదవి మూల కారేది తుడిచాడు. వెనక్కి జరిగి చూసుకుంటే, అమ్మ మునుపటి అమ్మలా ఉంది. అతనికి ఎంత సంతోషమేసిందో చెప్పలేం.

బృందం వచ్చింది. అయ్యోపాపం గుమ్మంలోనే వంగి దండం పెట్టాడు.

"నమస్కారం టీచరుగారూ! గుర్తుపట్టారా? ఎలా ఉన్నారు?"

"బాగున్నాను" అంది ఆవిడ. వంకర మూతితోనే నవ్వింది కూడా.

"ఆరోగ్యం ఎలా ఉంది?"

"బాగున్నాను."

"చెయ్యీ కాలూ ఆడుతున్నాయా అమ్మా?"

"బాగున్నాను."

"సార్, అమ్మకి ఆ ఒక్క మాటే..." అని మాస్టరు అందుకోబోయాడు.

"మీరుండండి మాస్టారూ, రోగితోనే మాట్లాడాలని మా పద్ధతి" అన్నాడు అయ్యోపాపం. "అబ్బాయి సెలవు పెట్టి ఇంట్లో ఉంటే మీకు ఇబ్బందేం లేదు కదా? లేక పనికి వెళ్ళినా పర్వాలేదా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఎడమచెయ్యి ఎత్తి వద్దన్నట్టు ఆడించింది. కళ్ళు పెద్దవి చేసి ఏదో చెప్పబోయింది. నోట్లోంచి మాత్రం "బాగున్నాను, బాగున్నాను" అనే వచ్చింది.

"ఎంత నిబ్బరమండీ! ఆ తరమే వేరు" అని ఆయన మెచ్చుకున్నాడు. గుమాస్తా రాసుకున్నాడు. గుండీలక్క మాత్రం దుప్పటి అంచు కింద నుంచి కనపడుతున్న చచ్చుబడ్డ వేళ్ళ వైపే చూస్తూ నిలబడింది. ఏదో అందామని నోరు తెరిచి, అధికారి మొహం చూసి నీళ్ళు నమిలింది. బుట్ట బల్ల మీద పెట్టి ముగ్గురూ వెళ్ళిపోయారు.

మర్నాడు కబురొచ్చింది. సెలవు కుదరదు, వెంటనే పనిలో చేరకపోతే మానుకున్నట్టు భావిస్తాం అని. మాస్టరు ఆఘమేఘాల మీద ఆఫీసుకి పరుగెత్తాడు.

"రోగి స్వయంగా, ఒకటికి పదిసార్లు బాగున్నానని చెప్పారు కదయ్యా" అన్నాడు అయ్యోపాపం, ఎంతో ఓర్పుగా.

"ఆవిడకి వచ్చిందే ఆ మాట సార్! డాక్టరు కాగితంలో రాసుంది చూడండి."

"డాక్టరు ఏదో రాస్తారు. మేం కళ్ళారా చూశాం, చెవులారా విన్నాం. ఇల్లు అద్దంలా ఉంది. ఆవిడ నీటుగా కూర్చుని ఉన్నారు. నాకన్నా నీటుగా ఉన్నారు."

"నేను కూర్చోబెట్టాను సార్. నాలుగు దిళ్ళు ఆనించి."

"మరి అదేగా నేననేది! అంత బాగా చూసుకుంటున్నారు మీరు. ఇంక ఇబ్బందేముంది?"

మాస్టరుకి ఆ గదిలో గోడకి తల బాదుకోవాలనిపించింది. తిన్నగా కోయడమే ఎరిగిన మనిషికి ఈ మెలికలు ఎక్కడ పట్టుకుని విప్పాలో తెలియలేదు. కార్మిక న్యాయస్థానానికి వెళ్తానన్నాడు. వెళ్ళండి, తీర్పొచ్చేసరికి అమ్మగారు లేచి తిరుగుతుంటారు అన్నాడు గుమాస్తా. అదీ నిజమే, ఎటొచ్చీ తిరగాల్సిన అమ్మ అప్పటికి బిగుసుకుపోయి ఉంటుంది. చివరికి, నివేదిక మీద సంతకానికి పిలిపించిన గుండీలక్క, అడగని దానికి నోరు విప్పి, "ఇంకొక్కసారి చూసొద్దాం సార్, పెద్దావిడ" అంది. ఆవిడ ఆ బృందంలో చేరాక మాట్లాడిన మొదటి మాట అదేనని అంటారు. అయ్యోపాపం క్యాలెండరు తిప్పి, మీనమేషాలు లెక్కపెట్టి, సరే ఎల్లుండి పొద్దున అన్నాడు. అదే ఆఖరుసారి అని కూడా అన్నాడు.

ఆ సాయంత్రం మాస్టరు ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. భార్య మీద కసురుకున్నాడు. ఫినాయిల్ సీసా మీద కసురుకున్నాడు. చివరికి, తనెప్పుడూ ఎదురు చెప్పి ఎరగని తల్లి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"సెలవివ్వరట. ఉద్యోగం కావాలంటే వచ్చి చేరమంటున్నారు. నీకా చెయ్యి రావాలా వద్దా? నలుగురిలో బాగా కనపడాలని నీకేం సరదా అమ్మా? ఆ మాటొకటి, బాగున్నాను, బాగున్నాను! నా పీకల మీదికి తెచ్చావు."

ఆవిడ అతని వైపు చూసింది. "బాగున్నాను" అంది మెల్లగా. అని, గబుక్కున ఎడమచేత్తో తన నోరు తనే మూసుకుంది.

భార్య అతన్ని రెక్క పట్టుకుని అవతలికి లాక్కుపోయింది. "మనిషివేనా నువ్వు?" అంది. ఆమె అతన్ని ఏకవచనంలో తిట్టడం పెళ్ళయ్యాక అదే మొదలు.

ఎల్లుండి వచ్చింది. ఈసారి బాబాయ్ పాఠం అమల్లో పెట్టాలని కిటికీ తెర తీసేశారు, మందు సీసాలు వరసగా బల్ల మీదికి తెచ్చారు, గిన్నెలు కడగకుండా వదిలేశారు. భార్య ఆ గిన్నెల వైపు చూడలేక మొహం తిప్పుకుని ఉద్యోగానికి వెళ్ళింది. మాస్టరు అలవాటు కొద్దీ దువ్వెన తీసుకుని తల్లి దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ అతని చేతిని నెట్టేసింది. కళ్ళజోడు పెట్టబోతే తల తిప్పేసుకుంది. మొన్నటి మాటలకి ఇంకా కోపం పోలేదనుకున్నాడు.

"బాత్‌రూమ్‌కి వెళ్తావా అమ్మా? వాళ్ళొచ్చేస్తారు."

అక్కర్లేదని తల ఊపింది. కాసేపాగి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు.

బృందం వచ్చింది. మళ్ళీ యాపిల్ పండ్లే. అయ్యోపాపం ఈసారి కూర్చోలేదు, ఇంకో ఇంటికి వెళ్ళాలట. మంచం దగ్గరికొచ్చి వంగాడు.

"టీచరుగారూ, నేనే, మీ శిష్యుణ్ణి. ఎలా ఉన్నారు?"

ఆవిడ పెదవులు బిగించింది. ఉన్న ఒక్క మాటనీ పళ్ళ వెనక ఆపేసింది. గొంతులో ఏదో కదిలింది కానీ బయటికి రానివ్వలేదు. హోంవర్కు చెయ్యని పిల్లవాణ్ణి నిలబెట్టి చూసినట్టు కన్నార్పకుండా ఆయన్నే చూసింది.

"మాట్లాడటం లేదే! మొన్న మాట్లాడారుగా" అన్నాడు గుమాస్తా కలం తీసి.

అప్పుడు మంచం కింద నేల మీద చుక్కలు పడిన చప్పుడైంది. తర్వాత చుక్కలు ధార అయ్యాయి. వాసన లేచింది. అయ్యోపాపం బూట్లు తడవకుండా ఒక్క గెంతు వెనక్కి గెంతి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. గుండీలక్క "అయ్యో తల్లీ" అంటూ పక్కనున్న తువ్వాలు అందుకోబోయింది. మనం ముట్టుకోకూడదక్కా, రూలు ఒప్పుకోదు అని గుమాస్తా ఆపాడు.

మాస్టరు చూశాడు. అమ్మ ఎడమచెయ్యి మంచం పట్టీ మీదే ఉంది. వేళ్ళు ముడిచి ఉన్నాయి. కొట్టలేదు. చెవుల దాకా ఎర్రబడిన మొహంతో, శిష్యుడి మీంచి చూపు తిప్పకుండా, ఆవిడ కావాలని కొట్టలేదు.

"అయ్యో పాపం" అన్నాడు అధికారి రుమాల్లోంచి. "అంటే అమ్మగారికి ఏం జరుగుతోందో తెలిసే స్థితి కూడా లేదన్నమాట. రాసుకోవయ్యా, స్పృహ సరిగా లేదు."

"సార్..." అన్నాడు మాస్టరు. అతని నెత్తురు మరిగిపోయింది. ఆవిడకి అంతా తెలుసని, మీ ముగ్గురికీ కలిపి ఉన్నదానికన్నా ఎక్కువ తెలుసని ఆ రుమాలు లాగి మొహాన చెప్పాలనుకున్నాడు. ఇంతలో ఎడమచెయ్యి పట్టీ వదిలి అతని చొక్కా అంచు పట్టుకుంది. గట్టిగా కిందికి లాగింది. నోర్మూసుకోమని చిన్నప్పుడు క్లాసులో లాగినట్టే లాగింది.

అతను నోరు మూసుకున్నాడు. ఆవిడకి స్పృహ లేదని వాళ్ళు రాసుకుంటుంటే, ఆవిడ వింటుంటే, పక్కన నిలబడి ఔనన్నట్టు తల వంచుకున్నాడు.

అయ్యోపాపం వీధి గుమ్మంలో, గుమాస్తా వీపు మీద కాగితం ఆనించి, నిలబడే సంతకం చేశాడు. అడిగిన వారాలన్నీ ఇచ్చాడు. ఇచ్చి, దాతలాగా మాస్టరు భుజం తట్టాడు. "మొదటిసారే ఇలా చూపించుంటే మాకీ తిప్పలు ఉండేవి కాదు కదా మాస్టారూ! సొంత మనుషుల దగ్గర దాపరికం ఎందుకు చెప్పండి?" అన్నాడు. గుండీలక్క ఎవరి వంకా చూడకుండా అందరికన్నా ముందు మెట్లు దిగిపోయింది.

ఆ కాగితం చించి, యాపిల్ పండ్లతో సహా వాళ్ళ వీపుల మీదికి విసరాలని అతనికి అనిపించింది. విసరలేదు. తడి తగలకుండా కాగితాన్ని బీరువా మీద పెట్టి, వేన్నీళ్ళ బకెట్టు తెచ్చాడు.

బట్టలు మార్చి, ఒళ్ళు తుడిచి, పక్క మార్చి, నేల కడిగేదాకా ఆవిడ కళ్ళు తెరవలేదు. క్షమించమని అడగాలని అతను రెండుసార్లు మొదలుపెట్టాడు. రెండుసార్లూ తువ్వాలు మళ్ళీ వేన్నీళ్ళలో ముంచి పిండాడు. అంతటి మనిషి, తన శిష్యుడి కళ్ళముందు, తన కొడుకు సెలవు కోసం, పసిపిల్ల కూడా సిగ్గుపడే పని చేసింది. చేయించింది బృందం ఒక్కటే కాదు, తనూ అని అతనికి తెలుసు.

"సెలవిచ్చారమ్మా" అన్నాడు చివరికి. "అన్ని వారాలూ ఇచ్చారు."

ఆవిడ కళ్ళు తెరిచింది. ఎడమచేత్తో తన కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టుకుని, వస్తువుని ఎత్తినట్టు ఎత్తి, తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది. ఇంక మొదలుపెట్టు అన్నట్టు గడ్డం ఆడించింది.

అతను ఒక్కో వేలూ తీసుకుని వంచడం, చాపడం మొదలుపెట్టాడు. ఆవిడ గోడ వైపు చూస్తూ చెయ్యి అతనికే వదిలేసింది. ఆ పూటంతా కొడుకు మొహం చూడలేదు.